ఊపిరితిత్తి అతనిది, ఊపిరి ఇతనిది

పంజగుట్ట నిమ్స్ ప్రాంగణంలో జీవన్‌దాన్ కార్యాలయం ఉంది. రాష్ట్రంలో ఏ ఆసుపత్రిలో ఎవరిని బ్రెయిన్ డెడ్‌గా ప్రకటించినా, కుటుంబం ఒప్పుకుంటే ఏ అవయవం ఎవరికి చేరాలో వరుస చూసి తేల్చేది అక్కడే. 2013 నుంచి ఈ పని సాగుతోంది. 2025 జనవరి 17న ఎల్బీనగర్ కామినేని ఆసుపత్రి నుంచి లక్డీకాపూల్ గ్లెనీగల్స్ గ్లోబల్ ఆసుపత్రికి ఒక గుండె మెట్రో రైల్లో పదమూడు నిమిషాల్లో చేరింది. ఖైరతాబాద్ పొలిమేర దాకా వచ్చిన ఆ ప్రయాణాన్ని నగరమంతా గర్వంగా చెప్పుకుంది. గుండె, కాలేయం, మూత్రపిండాల మార్పిడి వార్తలు మనకు అలవాటయ్యాయి. ఊపిరితిత్తుల మార్పిడి అంత అలవాటు కాలేదు. 2020లో సికింద్రాబాద్ కిమ్స్‌లో కోవిడ్ సోకిన వ్యక్తికి రెండు ఊపిరితిత్తులూ మార్చినప్పుడు చాలామంది మొదటిసారి దాని గురించి విన్నారు. ఆ ఆపరేషన్ తర్వాత మెదడుకు, నరాలకు వచ్చే ఇబ్బందుల గురించి విన్నవారు ఇంకా తక్కువ. కొందరు రోగులు రెండు మూడు రోజులు తాము ఎక్కడున్నారో తెలియకుండా ఉంటారు. కట్టుకున్న భార్యను పోల్చుకోలేరు, గోడ మీద లేని మనుషులను చూస్తారు, ఇవి నా ఊపిరితిత్తులు కావు తీసెయ్యండి అంటారు. అప్పుడు ఐసీయూ బయట కూర్చున్నవాళ్ల నోట వచ్చే ప్రశ్న వైద్యానిది కాదు: లోపల మాట్లాడుతున్నది మనవాడేనా?

ఆ ప్రశ్నను మూఢనమ్మకమని కొట్టిపారేయడం తప్పని నా అభిప్రాయం. అది జీవుడెవరన్న పాత ప్రశ్నే, కొత్త చోట నిలబడి అడుగుతోంది. దానికి సమాధానం ఉందని, ఆ సమాధానం అవయవదాతను మరణించాడని మనం ఏ ఆధారంతో నిర్ణయిస్తున్నామో దానిలోనే దాగి ఉందని ఈ వ్యాసంలో వాదిస్తాను. దాత పడక దగ్గర ఒక కొలమానం, గ్రహీత పడక దగ్గర ఇంకో కొలమానం పెట్టుకోకూడదు. ఒకటే పెట్టుకుంటే, మనసు తడబడుతున్న ఆ గ్రహీత పూర్తిగా తానేనని ఒప్పుకోక తప్పదు.

ముందు జరిగేదేమిటో చూడాలి. కొత్త ఊపిరితిత్తి సిరలను గుండె ఎడమ కర్ణికకు కుట్టినప్పుడు అక్కడ చిన్న రక్తపు గడ్డ కట్టినా, గాలి బుడగ మిగిలినా అది నేరుగా మెదడుకు వెళ్లగలదు. దాంతో పక్షవాతం రావచ్చు. ఆపరేషన్ మధ్య రక్తపోటు పడిపోయినా, ఆక్సిజన్ తగ్గినా మెదడు దెబ్బతింటుంది. తర్వాత మందుల వంతు. కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా జీవితాంతం వాడాల్సిన మందుల్లో ముఖ్యమైనది ట్యాక్రోలిమస్. 1984లో జపాన్‌లోని ట్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశారు. అది లేకపోతే ఈ మార్పిడులు ఇంతమందికి అందేవి కావు. అదే మందు చేతులు వణికిస్తుంది, నిద్ర చెడగొడుతుంది, కొందరిలో మెదడు వెనక భాగంలో వాపు తెచ్చి చూపు పోగొట్టి, మూర్ఛలు రప్పిస్తుంది. సకాలంలో గుర్తించి మోతాదు తగ్గిస్తేనో, మందు మారిస్తేనో ఆ వాపు చాలావరకు తగ్గి చూపు తిరిగొస్తుంది. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు మనిషిని ఉన్నట్టుండి ఉత్సాహంలోకో, అనుమానాల్లోకో నెట్టగలవు. ఫంగస్ రాకుండా ఇచ్చే వోరికొనజోల్ కళ్ల ముందు లేని బొమ్మలు కట్టగలదు. వీటికి తోడు ఐసీయూలో పగలేదో రాత్రేదో తెలియకపోవడం, నొప్పి, మత్తు. డాక్టర్లు డెలీరియం అనే ఆ తికమక స్థితికి ఇన్ని దారులున్నాయి. ఇందులో ఏ ఒక్కటీ దాత మనసు వచ్చి చేసిన పని కాదు.

అయినా ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. దాత గుణాలు, ఇష్టాలు, జ్ఞాపకాలు అవయవంతోపాటు వస్తాయన్న మాట ప్రపంచమంతా ఉంది. సినిమాలు దాన్ని ఇంకా పెంచాయి. దాన్ని నమ్మేవారికి ఇవ్వాల్సిన గౌరవం ఒకటుంది: ఊపిరితిత్తితోపాటు దాత నుంచి నిజంగానే కొన్ని వస్తాయి. దాత రక్షణ కణాలు అవయవంలో ఉండి గ్రహీత రక్తంలోకి చేరతాయి. అంతవరకు వేరుశనగ హాయిగా తిన్నవారికి, ఆ అలర్జీ ఉన్న దాత ఊపిరితిత్తి పెట్టాక అలర్జీ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అంతకన్నా లోతైనది యూరియాప్లాస్మా సంగతి. ఈ మార్పిడి తర్వాత కొద్దిమందిలో రక్తంలో అమ్మోనియా విపరీతంగా పెరిగి, మగతలోకి, కోమాలోకి వెళ్లి చనిపోయేవారు. కాలేయం బాగానే ఉన్నా ఎందుకలా అవుతోందో చాలాకాలం అంతుపట్టలేదు. యూరియాను విరగ్గొట్టి అమ్మోనియాగా మార్చే ఈ సూక్ష్మజీవే కారణమని 2015లో అమెరికా పరిశోధకులు చూపించారు. దాత శ్వాసనాళాల్లో ఏ హానీ చేయకుండా ఉన్న ఆ జీవి కొత్త ఒంట్లో, అణచివేసిన రక్షణ వ్యవస్థ మధ్య చెలరేగుతుంది. సరైన యాంటీబయాటిక్ పడితే అమ్మోనియా దిగుతుంది, స్పృహ వస్తుంది. చూడండి, దాత నుంచి వచ్చినదే గ్రహీత మనసును కలచివేసింది. కానీ వచ్చింది దాత కాడు, అతని దగ్గర బస చేసిన ఒక క్రిమి. మందు వేసి దాన్ని చంపినప్పుడు ఎవరి జ్ఞాపకమూ చావలేదు. తిరిగి కళ్లు తెరిచింది ఆపరేషన్ గదిలోకి వెళ్లిన మనిషే.

ఇప్పుడు దాత పడక దగ్గరికి వెళ్దాం. 1994 కేంద్ర చట్టం, 1995 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం మెదడు కాండం, అంటే బ్రెయిన్ స్టెమ్, తిరిగి రాని విధంగా పనిచేయడం మానేస్తే దాన్ని మరణంగా ఒప్పుకున్నాయి. నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించాలి. ఆ పరీక్షల్లో చివరిది ఆప్నియా పరీక్ష. ముందు నూరు శాతం ఆక్సిజన్ ఇస్తారు. తర్వాత వెంటిలేటర్ విడదీసి, సన్నని గొట్టంతో శ్వాసనాళంలోకి ఆక్సిజన్ మాత్రం వదులుతారు. దుప్పటి తీసి, ఛాతీ, పొట్ట కనిపించేలా ఉంచి, పక్కన నిలబడి చూస్తారు. ఎనిమిది నిమిషాలు, పది నిమిషాలు. ఆక్సిజన్ కొరత లేదు, గుండె కొట్టుకుంటోంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరుగుతూ పోతుంది. దాని పీడనం 60 మిల్లీమీటర్లు (పాదరసం) దాటితే ఏ మూలన జీవమున్నా మెదడు కాండం ఊరుకోదు, ఒక్క ఊపిరైనా లాగిస్తుంది. లాగలేదంటే, లాగేవాడు లేడు. అక్కడ వెతుకుతున్నది గాలిని కాదు, ఊపిరితిత్తులనూ కాదు. ఊపిరి తీసుకోవాలన్న ఆ కదలికను.

మన పెద్దలు ఇదే పరీక్షను కథగా చెప్పారని నాకనిపిస్తుంది. ఛాందోగ్య, బృహదారణ్యక ఉపనిషత్తుల్లో ఇంద్రియాల తగవు ఉంది. మా అందరిలో ఎవరు గొప్ప అని వాక్కు, కన్ను, చెవి, మనసు, ప్రాణం ప్రజాపతి దగ్గరికి వెళ్తాయి. ఎవరు వెళ్లిపోతే శరీరం అన్నిటికన్నా అధ్వానమవుతుందో వారే గొప్ప అంటాడాయన. వాక్కు ఏడాదిపాటు వెళ్లి వచ్చి, నేను లేకుండా ఎలా బతికారని అడుగుతుంది. మూగవాళ్లలా బతికాం అంటారు మిగతావారు. కన్ను వెళ్తుంది, గుడ్డివాళ్లలా బతుకుతారు. చెవి వెళ్తుంది. మనసు కూడా వెళ్తుంది. పసిపిల్లల్లా బతికాం, ఊపిరి ఆడుతూనే ఉంది, నోరు మాట్లాడుతూనే ఉంది, కళ్లు చూస్తూనే ఉన్నాయి అని సమాధానం. చివరికి ప్రాణం బయల్దేరబోతే, మేలుజాతి గుర్రం కాళ్లకు కట్టిన మేకులను పీకేసినట్టు మిగతావన్నీ ఊడి వస్తాయి. ఉండిపొమ్మని అన్నీ దాన్ని వేడుకుంటాయి. ఈ కథను శ్వాస గొప్పదని చెప్పే నీతికథగా చదివి వదిలేస్తాం. దానిలోని వైద్య సూక్ష్మం వేరే ఉంది. ఒకదాన్ని తీసి చూసి, ఏది పోతే తక్కినవి నిలవవో తేల్చడం ఆ కథ పద్ధతి. పంజగుట్టలో కానీ, ఎల్బీనగర్‌లో కానీ ఐసీయూలో వెంటిలేటర్ విడదీసి నిలబడే డాక్టర్లది అదే పద్ధతి.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుంది. ప్రాణమే గొప్ప అయితే, వెంటిలేటర్ మీద ఛాతీ లేస్తూ పడుతూ, ఒళ్లు వెచ్చగా ఉన్న దాతను చనిపోయాడని ఎలా అంటారు? చట్టం మెదడును గొప్ప చేసింది, ఉపనిషత్తు ఊపిరిని గొప్ప చేసింది, రెండూ ఎలా కలుస్తాయి? చాలా కుటుంబాలు దానానికి వెనకాడేది సరిగ్గా ఇక్కడే, వారి సందేహం న్యాయమైనది. నా జవాబు ఇది: వెంటిలేటర్ లోపలికి తోసే గాలి ప్రాణం కాదు. ఉపనిషత్తుల్లో ప్రాణం ముక్కులో ఆడే గాలికి పరిమితం కాలేదు. మిగతావాటిని పట్టి ఉంచేది, వెళ్తే అన్నిటినీ పెకలించేది ప్రాణం. మెదడు కాండంలోని ఆ చిన్న కేంద్రం ఆగిపోయాక యంత్రం ఛాతీని ఎన్ని గంటలు ఊపినా, లాగేవాడు లేని ఊపిరే అది. మెడ దగ్గర వెన్నుపాము తెగి, సొంతంగా ఊపిరి తీయలేక వెంటిలేటర్ మీద ఏళ్లు బతికేవారి సంగతి ఏమిటని ఎవరైనా అడగవచ్చు. వారిలో లాగేవాడు ఉన్నాడు, దారి తెగింది, అంతే. వారు కళ్లతో మాట్లాడతారు, కోరికలు చెబుతారు. చట్టమూ కథా ఒకే చోటికి వస్తున్నాయని దీంతో తేటపడుతుంది.

ఈ కొలమానం పట్టుకుని గ్రహీత వైపు చూస్తే సంగతి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో! దాత ఊపిరితిత్తిని తీసేటప్పుడు దాని నరాలు తెగుతాయి. కొత్త ఒంట్లో కుట్టేటప్పుడు శ్వాసనాళం, ధమని, సిరలు కలుపుతారు, నరాలను కుట్టరు. కొత్త ఊపిరితిత్తికి మెదడుతో మాట లేదు. అందుకే కుట్టు కింద కఫం చేరినా చాలామందికి దగ్గు సరిగా రాదు, ఫిజియోథెరపిస్టు చెప్పి దగ్గించాలి. అయినా మనిషి ఊపిరి తీస్తాడు. ఎలాగంటే, ఊపిరి తీసేది ఊపిరితిత్తి కాదు. మెదడు కాండం నుంచి ఆజ్ఞ మెడలోని ఫ్రెనిక్ నాడి మీదుగా డయాఫ్రమ్ కండరానికి చేరుతుంది, కండరం కిందికి దిగుతుంది, ఊపిరితిత్తి నిండుతుంది. ఆపరేషన్‌లో ఆ ఫ్రెనిక్ నాడి దెబ్బతింటే, కొత్త ఊపిరితిత్తి ఎంత ఆరోగ్యంగా ఉన్నా, రోగిని వెంటిలేటర్ నుంచి తప్పించడం గగనమవుతుంది. ఈ చిక్కు నాడీ సంబంధమైన ఇబ్బందుల్లో ఒకటిగా పుస్తకాల్లో రాసుకుంటారు. నాకు మాత్రం అది ఒక తత్త్వ విచారానికి దొరికిన ప్రత్యక్ష ప్రమాణంలా కనిపిస్తుంది. దాత ఇచ్చింది గాలి నిండే చోటు. దాన్ని నింపుకునే శక్తి ఆసాంతం గ్రహీతదే. దాతలో ఆ శక్తి ఆగిపోయిందని తేల్చుకున్నాకే కదా ఊపిరితిత్తిని తీశారు! అతనిలో లేదని నిర్ణయించినది ఇతనిలోకి ఎలా వచ్చి చేరుతుంది?

మెదడే మనిషి, కాబట్టి మెదడు చెదిరితే మనిషి చెదిరినట్టే కదా అనేవారున్నారు. భేతాళ కథల్లో తలలు తారుమారైన కథ అందరూ చిన్నప్పుడు చదివినదే. ఒక స్త్రీ తన భర్త మొండేనికి సోదరుడి తల, సోదరుడి మొండేనికి భర్త తల అతికిస్తే ఎవరు భర్త అని భేతాళుడు అడిగితే, తల ఉన్నవాడే అంటాడు విక్రమార్కుడు. అదే మన ఖైరతాబాద్‌లో 1954 నుంచి ఏటేటా నిలబెడుతున్న వినాయకుడి కథ చూస్తే, తలే మారిపోయింది. పార్వతి అతన్ని తన కొడుకు కాదనలేదు. ఒక కథ తలను పట్టుకుంది, ఇంకొకటి తల్లిని పట్టుకుంది. పురాణాల్లో సర్జరీ ఉందని నిరూపించడానికి ఈ కథను వాడడం నాకు నచ్చదు, దానికి అంతకన్నా పెద్ద పని ఉంది. రాజు సమాధానంలో ఒక లోటుందని అది చూపిస్తుంది. తల లోపలిది మారినంత మాత్రాన మనిషితో మన బంధం రద్దయిపోదు. ఇక తలలో ఉన్నది పదార్థంతో మారుతుందన్న సంగతి మన వాళ్లకు కొత్త కాదు. ఛాందోగ్యంలోనే ఉద్దాలకుడు తన కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు నీళ్లతోనే ఉంచి వేదం చెప్పమంటే ఒక్క ముక్క గుర్తు రాలేదు. అన్నం తిని వచ్చాక అన్నీ గుర్తొచ్చాయి. తిండి లేక చదువు మరిచిన కొడుకును వేరే మనిషి అనలేదు తండ్రి. ట్యాక్రోలిమస్ మోతాదు ఎక్కువై పేరు మరిచిన మనిషి విషయంలోనూ అనకూడదు.

బౌద్ధుల ఆక్షేపణ ఇంతకన్నా పదునైనది. నాగార్జునుడి పేర చైనా భాషలో నిలిచిన ఒక మహాగ్రంథం ఉంది, 5వ శతాబ్ది మొదట్లో కుమారజీవుడు అనువదించాడు. కృష్ణాతీరపు ఆచార్యుడే రాశాడా అన్నదానిపై పండితులకు సందేహాలున్నాయి. అందులో ఒక బాటసారి పాడుబడ్డ ఇంట్లో రాత్రి తలదాచుకుంటాడు. ఒక పిశాచం శవాన్ని మోసుకొస్తుంది, ఇంకో పిశాచం అది నాదంటుంది. బాటసారిని సాక్ష్యమడిగితే నిజం చెబుతాడు. కోపమొచ్చిన రెండోది అతని చెయ్యి పీకేస్తే, మొదటిది శవం చెయ్యి తెచ్చి అతికిస్తుంది. అలా ఒక్కొక్క భాగం పోయి, ఒళ్లంతా శవం ఒళ్లవుతుంది. నేను ఉన్నానా లేనా అని అతను సన్యాసులను అడిగితే, ఇప్పుడు కొత్తగా లేకపోవడం కాదు, నీకు మొదటినుంచీ నేను అన్నది లేదంటారు వారు. గొప్ప కథ. దాని తర్కానికి నేను తలవంచుతాను. అవయవాల మొత్తంలో ఎక్కడా యజమాని కూర్చుని లేడు. కానీ ఆ బాటసారి ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు, వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లాడు, వాళ్లు అతనికే జవాబు చెప్పారు. శాశ్వతమైన యజమాని లేకపోయినా, తెగని ధార ఒకటుంది. ఊపిరి లాగే శక్తి ఆ ధారకు ఆనవాలు. నా వాదానికి అంతకు మించి ఆత్మ అవసరం లేదు. అద్వైతులు ఇటువైపు నుంచి, సాక్షిగా ఉన్న ఆత్మకు ఏ వికారమూ అంటదు, ఎందుకీ బాధ అంటారేమో. ఆ సాక్షి దాతలోనూ, గ్రహీతలోనూ, డాక్టరులోనూ ఒకటే అయినప్పుడు, ఈ పడక మీద ఉన్నది ఎవరన్న ప్రశ్నకు అది సహాయం చేయదు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ మిగిలింది. డెలీరియం తగ్గుతుంది సరే, పెద్ద స్ట్రోక్ వచ్చి స్వభావమే మారిపోతే? శాంతంగా ఉండే మనిషి చీటికీమాటికీ కసురుకునేవాడైతే, ఇష్టపడి చేసిన పని మరిచిపోతే? ఊపిరి కోసం చేసిన ఆపరేషన్ మనిషిని తినేసిందని ఇంటివాళ్లు ఏడిస్తే దానికి ఓదార్పు చెప్పే ధైర్యం నాకు లేదు. నా కొలమానం అతను బతికున్నాడని, అతను అతనేనని చెప్పగలదు. అతను ఏమయ్యాడో చెప్పలేదు. ఆ నష్టాన్ని నష్టమనే ఒప్పుకోవాలి. అయినా ఉపనిషత్తు కథలో మనసు లేకుండా గడిపిన ఏడాదిని చావు అనలేదు, పసితనంతో పోల్చారు. ఏళ్లుగా అచేతనంగా ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011లో మన సుప్రీంకోర్టు కూడా ఆమె యంత్రం లేకుండా ఊపిరి తీసుకుంటోందని, మెదడు చచ్చిపోలేదని గుర్తించి, ఆమెను మరణించినట్టు చూడడానికి వీల్లేదని చెప్పింది. మార్పిడి తర్వాత మెదడు దెబ్బతిన్న మనిషికి కనీసం ఆ స్థానమైనా ఇవ్వాలి. దాత నుంచి ఊపిరితిత్తిని తీయడానికి మనం అంత కఠినమైన హద్దు గీసుకున్నాం. ఆ హద్దుకు ఇవతల ఉన్నవాడిని ఇవతలివాడిగానే చూడాలి.

ఇలా చూస్తే మొదట చేయాల్సిన పని ఐసీయూలో ఉంది. తికమకపడే రోగికి కళ్లద్దాలు పెట్టాలి, వినికిడి యంత్రం పెట్టాలి. గడియారం కనపడాలి, పగలు వెలుతురు రావాలి, రాత్రి నిద్రపోనివ్వాలి. ఇంటివాళ్లలో ఒకరు దగ్గర కూర్చుని, నాన్నా, ఇది ఆసుపత్రి, ఈ రోజు మంగళవారం, నీకు ఆపరేషన్ అయింది, నేను నీ కూతుర్ని అని చెబుతూ ఉండాలి. అరగంటకోసారి చెప్పాల్సి వచ్చినా చెప్పాలి. డెలీరియానికి మందులకన్నా ముందు చేసేది ఇదే. లోపలున్నది మనవాడేనా అని అనుమానంతో దూరంగా నిలబడ్డవారు ఈ పని చేయలేరు. పిలవడానికి ఎవరో ఉన్నాడని నమ్మితేనే పిలుస్తాం. మనసు ఊరెళ్లినప్పుడు నోరు మాట్లాడుతూనే ఉంటుందని ఆ పాత కథ చెప్పింది కాబట్టి, ఆ రోజుల్లో వచ్చిన తిట్లను గుండెల్లో దాచుకోనక్కర్లేదు. గొట్టాలు పీకెయ్యమన్న మాటను అతని నిర్ణయంగా తీసుకోకూడదు కూడా.

రెండో పని ఆపరేషన్‌కు ముందుది. ఊపిరితిత్తి పట్టకపోతే ఏమవుతుందో, ఇన్‌ఫెక్షన్ వస్తే ఏమవుతుందో చెప్పినంత వివరంగా, చేతులు వణకవచ్చని, కొన్నాళ్లు మతి తప్పవచ్చని, స్ట్రోక్ రావచ్చని రోగికి తెలుగులో, తీరిగ్గా, ఇంటివాళ్ల ముందు చెప్పాలి. భయపెడితే ఒప్పుకోరేమోనని దాచడం మేలు కాదు. నాకు తెలివి తప్పినప్పుడు నా తరఫున ఎవరు మాట్లాడాలి, ఎంతవరకు వైద్యం చేయించాలి అని చెప్పుకునే అవకాశం అతనికి తెలివి ఉన్నప్పుడే దొరుకుతుంది. సంతకం పెట్టించుకోవడం ఒకటి, ఈ మాట చెప్పించుకోవడం ఇంకొకటి.

మూడో సంగతి ఇంటివాళ్లకు కష్టమైనది. తికమక తగ్గి, వారాలు గడిచి, మనిషి నిలకడగా కూర్చుని, ఈ మందులతో, ఈ వణుకుతో, ఈ ఆసుపత్రులతో ఇక నా వల్ల కాదు అంటాడనుకోండి. మానసిక వైద్యుడు చూసి కుంగుబాటు లేదంటాడు, పరీక్షల్లో అమ్మోనియా లేదు, మెదడులో వాపు లేదు. అప్పుడు మందు వల్ల అలా అంటున్నాడులే, కొత్త ఊపిరితిత్తి వచ్చాక మారిపోయాడు, ముందు ఇలా ఉండేవాడు కాదు అని ఆ మాటను తోసేయాలనిపిస్తుంది. తికమకలో అన్న మాట అతనిది కాదని ఏ ఆధారంతో పక్కన పెట్టామో, అదే ఆధారంతో ఇప్పుడు అన్న మాట అతనిదేనని వినాలి. నచ్చని మాట అయినంత మాత్రాన అది దాతది అయిపోదు, మందుది అయిపోదు. కూర్చోబెట్టి మాట్లాడాలి, నొప్పి తగ్గించాలి, మందులు మార్చి చూడాలి, మళ్లీ అడగాలి. అడిగినప్పుడు వచ్చే జవాబు అతనిది.